మా నాయన మారాడా, సారా దొరక్క మానాడా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడేళ్ళ ప్రేమ. అబ్బాయి తాగుతాడు, లోన్ యాప్‌లలో అప్పులు చేసి దాస్తాడు, దొరికిపోయినప్పుడల్లా ఏడ్చి "నీ కోసం మారతా" అంటాడు. ఇప్పుడు పెద్దవాళ్ళు మాఘంలో నిశ్చితార్థం అంటున్నారు. ప్రేమలో పడ్డవాళ్ళు నిజంగా మారతారా అని అడిగారు.

మారతారు. కానీ ప్రేమ వల్ల కాదు. ఈ మాట పుస్తకాలు చదివి చెప్పడం లేదు, మా నాయన్ని చూసి చెప్తున్నా. ఒక్క మనిషిని చూసి లోకం మొత్తానికి తీర్పు చెప్తావేంటని మా ఆయన అంటుంటాడు. ఆయన్ని కూడా కలిపితే ఇద్దరు.

మాది నెల్లూరు జిల్లా, కలిగిరి వైపు పల్లె. నాయన బేల్దారి మేస్త్రి. ఆయన లేపిన గోడకి గుండు వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా ఉండదని పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి మరీ పిలుచుకుపోయేవాళ్ళు. కూలి డబ్బులు శనివారం. శనివారం సాయంత్రం నా పని సారా కొట్టు దగ్గర నిలబడటం. అప్పట్లో సారా పాలిథిన్ ప్యాకెట్లలో అమ్మేవాళ్ళు. మూల పంటితో కొరికి, ఆ ముక్క తుపుక్కున ఊసి, ఒక్క గుక్కలో పోసుకునేవాళ్ళు. నాయన రెండో ప్యాకెట్ కొరికే లోపల చెయ్యి చాపితే పదో ఇరవయ్యో పెట్టేవాడు. మూడోది కొరికాక అడిగితే తిట్లే. ఎప్పుడు చెయ్యి చాపాలో నాకు తొమ్మిదేళ్ళకే తెలుసు.

ఇంటికొచ్చాక అమ్మని కొట్టేవాడు. ఆదివారం పొద్దున ఏడ్చేవాడు. "నీ మీద ఒట్టు మే, ఇంక ముట్టను" అని అమ్మ తల మీద చెయ్యి పెట్టేవాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపు కాదు, పక్కనే కూర్చుని చూశాను. అందుకే చెప్తున్నా, మీవాడి కన్నీళ్ళు నిజమా నటనా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. నిజమే అయ్యుంటాయి. అయినా శనివారం వస్తుంది. మా జేజి అయితే తన కొడుకు గురించే అనేది: "పెండ్లయితే మారతాడనుకుంటిమి, బిడ్డ పుడితే మారతాడనుకుంటిమి, ఇంక మనవళ్ళు పుట్టాలేమో."

ఈ "పెళ్ళి చేస్తే వాడే దారిలో పడతాడు" అనే పెద్దమనుషుల మీద నాకు పాతికేళ్ళుగా కోపం. మోటారు కాలిపోతే మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్తారు. కొడుకు చెడిపోతే ఎవరో కన్న పిల్ల నెత్తిన పెడతారు. ఆ పిల్ల బాగుచెయ్యలేకపోతే ఓర్పు లేదంటారు. పైగా ఆ సంబంధం కుదిర్చినవాళ్ళు పెళ్ళి భోజనంలో రెండో వాయి గారెల కోసం కూర్చుంటారు, తర్వాత కనపడరు. సరే, అది వేరే కథ.

1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. ఆ ఊరు మాకు దగ్గరే. అక్షరదీపం అని పెద్దవాళ్ళకి చదువు నేర్పే రాత్రి బడి ఉండేది, దాని వాచకంలో ఒక పాఠం, ఒక ఊరి ఆడవాళ్ళందరూ ఏకమై సారాని ఆపించిన కథ. అక్షరాలు నేర్చుకుంటారని పెట్టిన పాఠం, వీళ్ళు కథనే పట్టుకున్నారు. వాళ్ళలో ముందు నిలబడిన రోశమ్మ పేరు జిల్లా అంతా మోగింది. మా ఊళ్ళోనూ అమ్మావాళ్ళు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని సారా బండి రాకుండా దారికి అడ్డం కూర్చున్నారు. నాయన ఆ రోజు అవతల మగవాళ్ళ గుంపులో నిలబడి ఉన్నాడు. నోరు మెదపలేదు.

1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్. తర్వాతి ఏడు డిసెంబరులో ఎన్టీఆర్ ప్రమాణస్వీకారం రోజే మద్యనిషేధం మీద సంతకం పెట్టాడు, 1995 జనవరి 16 నుంచి బ్రాందీ, విస్కీ కూడా పోయాయి. సారా ఆగిన కొత్తలో నాయనకి చేతులు ఎంత వణికేవంటే తాపీ నిలిచేది కాదు, మాలు గోడకి అంటకుండా కిందపడేది. కొన్నాళ్ళకి తగ్గింది. ఇంట్లో అరుపులు ఆగిపోయాయి. ఊరంతా "మీ ఆయన మారిపోయాడే" అంటే అమ్మ మురిసిపోయేది. నాకు నోటిదూల ఎక్కువ, "మారలేదు, దొరక్క మానాడు" అన్నాను. చెంప మీద ఒక్కటి ఇచ్చింది. ఆ దెబ్బ అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ మూడు నాలుగేళ్ళలో ఇంకోటి జరిగింది, దాన్నెవరూ పట్టించుకోలేదు. పొదుపు లక్ష్మి అని రోజుకు రూపాయి దాచుకునే సంఘాలు వచ్చాయి. అమ్మ చేరింది. రాత్రి బడిలో నేర్చుకున్న సంతకంతో తన పేరున పాసుపుస్తకం తెచ్చుకుంది. సంఘంలో అప్పు తీసుకుని గేదెని కొంది. పాల డబ్బులు పోపుల పెట్టెలో పెట్టేది, ఆ పెట్టె ఎక్కడుందో నాయనకి తెలుసు గానీ ముట్టుకునేవాడు కాదు.

1997లో నిషేధం సడలించారు. సారా తిరిగి రాలేదు గానీ బ్రాందీ షాపు తెరిచారు. నేను పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. షాపు తెరిచాక మొదటి శనివారం, అమ్మ పొయ్యి వెలిగించలేదు. వాకిట్లో చాట ముందేసుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. ఏడు దాటింది, ఎనిమిది దాటింది. నాయన సైకిల్ చప్పుడైంది. ఇద్దరం ఆయన నడక వంకే చూశాం. తిన్నగానే ఉంది. స్టాండు వేసి, తాపీ సంచి దించి, కాళ్ళు కడుక్కుని వచ్చి, జేబులోంచి కూలి మొత్తం తీసి చాటలో బియ్యం మీద పెట్టాడు. నోట్లకి సిమెంటు అంటుకుని ఉంది. పెట్టినవాడు లోపలికి పోకుండా అక్కడే నిలబడ్డాడు.

"ఏంది?" అంది అమ్మ.

"నలభై రూపాయలు ఇస్తావా మే?"

ఎందుకని ఆమె అడగలేదు. ఆయనా చెప్పలేదు. అమ్మ నోట్లకంటిన సిమెంటు కొంగుతో దులిపి, మొత్తం లెక్కపెట్టి, నాలుగు పదులు తీసి, ఏమనుకుందో ఒకటి వెనక్కి పెట్టుకుని ముప్పై చేతిలో పెట్టింది. ఆయన ఆ ముప్పై వంక చూశాడు. ఇప్పుడు చెయ్యి లేస్తుందని నేను గోడకి అతుక్కుపోయాను. లేవలేదు. సైకిల్ తీసుకుని వెళ్ళి, ముప్పైకి వచ్చింది తాగి, వచ్చి అన్నం తిని పడుకున్నాడు.

తాగడం మానలేదు, అది గమనించండి. షుగరు వచ్చి డాక్టరు భయపెట్టేదాకా ప్రతి శనివారం తాగాడు. కానీ డబ్బు ముందు అమ్మ చేతిలో పెట్టి, అందులోంచి అడిగి తీసుకునేవాడు. చెయ్యి మాత్రం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. అమ్మ అంటుంది, ఆయన మొదటి నుంచీ మంచోడే, సారా చెడగొట్టిందని. నేను ఒప్పుకోను. అమ్మ మీద ప్రేమ 1990లోనూ ఉంది. ఆ ప్రేమ కొట్టకుండా ఆపలేదుగా. 1997కి అమ్మకి సొంత పాసుపుస్తకం ఉంది, గేదె ఉంది, అరిస్తే పరిగెత్తుకొచ్చే సంఘం ఆడవాళ్ళు ఉన్నారు. మారింది మా అమ్మ. దానికి తగ్గట్టు ఆయన సర్దుకున్నాడు.

మరి కట్టడి చేస్తే అందరూ సర్దుకుంటారా అంటే, అదీ లేదు. మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, ఆన్‌లైన్ రమ్మీ పిచ్చి. 2017లో తెలంగాణలో దాన్ని నిషేధిస్తే మా మరదలు తిరుపతికి మొక్కు తీర్చుకుని వచ్చింది. వీడు ఫోన్లో ఏదో యాప్ వేసి మహారాష్ట్రలో ఉన్నట్టు చూపించి ఆడాడు. కూకట్‌పల్లిలో మంచం మీద పడుకుని మహారాష్ట్ర! సారా కొట్టుకి తలుపు ఉండేది, చీపురు పట్టుకుని దాని ముందు కూర్చోవచ్చు. జేబులో ఉన్న కొట్టు ముందు ఎవరు కూర్చుంటారు? 2025 ఆగస్టులో డబ్బులు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే ఆటలన్నిటి మీదా కేంద్రమే నిషేధ చట్టం తెచ్చింది. మరదలు ఈసారి మొక్కుకోలేదు. జీతం పడే అకౌంటు ఫోన్ నంబరు తనది పెట్టించింది, ఓటీపీ ఆమెకే వస్తుంది. ఇది ముందే చెయ్యాల్సింది.

మా ఆయన సంగతి క్లుప్తంగా చెప్తా, ఆయన కూడా ఇది చదువుతాడు కాబట్టి. తాగడు, ఆడడు. కోపం వస్తే వారం రోజులు మాట్లాడడు. మొదటి పదేళ్ళు ఆయన మౌనవ్రతం పట్టినప్పుడల్లా నేనే వెళ్ళి బతిమాలాను. ఒకసారి విసుగొచ్చి పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళి, హాయిగా మామిడికాయ పప్పు తిని, ఫోన్ చెయ్యకుండా కూర్చున్నాను. నాలుగో రోజు బస్సు దిగాడు. ఇప్పుడు అలక రెండు రోజులకి వచ్చింది. ఇంకో ఇరవై ఏళ్ళలో ఒక్క రోజుకి తేవచ్చు.

మీరు అడిగింది ప్రేమ గురించి, నేను పాసుపుస్తకాల దగ్గర తిరుగుతున్నాను, తెలుసు. కానీ మీ ప్రశ్నలో వాడేమన్నాడో ఆరుసార్లు రాశారు. మీరేం చేశారో ఒక్కసారీ లేదు. వాడి అప్పు మీ జీతంలోంచి రెండుసార్లు కట్టానని చివర్లో బ్రాకెట్లో పెట్టారు, అది మాత్రం ఉంది. బ్రాకెట్లో పెట్టాల్సిన విషయమా అది?

మా నాయనకి ఇప్పుడు మోకాళ్ళు పట్టేశాయి. ఒకటో తారీఖున ఇంటికే పెన్షన్ నాలుగు వేలు తెచ్చిస్తారు. వేలిముద్ర వేసి, తీసుకుని, నేరుగా వంటింట్లోకి వెళ్ళి అమ్మకిస్తాడు. తర్వాత బీడీలకి అడుగుతాడు. ఆమె వినపడనట్టు కూరలో ఉప్పు చూస్తుంది, రెండోసారి అడిగాక ఇస్తుంది.

నిశ్చితార్థానికి ఇంకా టైముంది కదా. ఈ లోపల ఒక ఆదివారం, వాడు మంచిగా ఉన్నప్పుడే, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ చూపించమని అడగండి. అడిగినప్పుడు మొహం ఎలా పెట్టాడో వచ్చి ఇక్కడ రాయండి, అప్పుడు చెప్తాను.