సినాప్సిస్ ఇచ్చే ముందు ఈ లెక్కలు చూసుకో

చి. మాధవికి, ఆశీస్సులు.

నీ థీసిస్ సినాప్సిస్ (చేయబోయే పరిశోధన ప్రణాళిక) చదివాను. "పీ వాల్యూ 0.05 కన్నా తక్కువైతే మందు పనిచేస్తుందని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు" అన్న వాక్యం ముందు కొట్టేయమ్మా. పీ వాల్యూ అంటే, పోల్చే రెండు మందులకీ తేడా లేదనుకుని వేసే లెక్క. నిజంగానే తేడా లేకపోతే, ఇంత తేడా గానీ ఇంతకు మించి గానీ ఎంత తరచుగా కనబడుతుందో చెబుతుంది. తేడా లేదనే మాట నిజమా కాదా అన్నది దానికి తెలియదు.

కాగితం మీద వేసి చూడు. వెయ్యి ట్రయల్స్‌లో మందు నిజంగా పనిచేసేవి 100 అనుకో. పవర్, అంటే నిజంగా ఉన్న తేడాను పట్టే అవకాశం, 80 శాతమైతే వాటిలో 80 బయటపడతాయి. మిగతా 900లో, ఆల్ఫా (తేడా ఉందనడానికి పీ వాల్యూకి పెట్టుకున్న హద్దు) 0.05 కాబట్టి, 45 ఉత్తపుణ్యానికి సిగ్నిఫికెంట్, అంటే తేడా ఉంది, అని తేలతాయి. అంటే 125లో 45, అక్షరాలా 36 శాతం ఉత్తివే! పవర్ 20కి పడిపోతే 65లో 45 ఉత్తివే అవుతాయి.

అందుకే శాంపిల్ సైజు దగ్గర పట్టుబడుతున్నాను. గ్రూపుకు 30 మంది అని సీనియర్ల థీసిస్‌లలో చూసి వేసినట్టున్నావు. స్టాండర్డ్ డీవియేషన్‌లో (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకెలో) సగమంత తేడాను 80 శాతం పవర్‌తో పట్టాలంటే గ్రూపుకు 64 మంది కావాలి. పదిశాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 64ని 0.9తో భాగించు, 72 వస్తుంది. 30 మందితో పవర్ 48 శాతం దాటదు, బొమ్మా బొరుసూ వేసినట్టే. అంతమందే దొరికితే, పీ 0.2 వచ్చినప్పుడు "తేడా లేదు" అనకు. "తేల్చలేకపోయాం" అని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (అసలు తేడా ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో చూపే హద్దులు) ఇవ్వు.

ప్రైమరీ అవుట్‌కమ్ (ముఖ్యంగా కొలిచే ఫలితం) ఒక్కటే పెట్టుకుని, మొదటి రోగిని చేర్చకముందే సీటీఆర్ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు చెయ్యి. సంబంధం లేని 20 అవుట్‌కమ్‌లు పరీక్షిస్తే, ఏ తేడా లేకున్నా ఒక్కటైనా 0.05 లోపు పడే అవకాశం 64 శాతం. బాన్‌ఫెరోనీ పద్ధతిలో, అంటే 0.05ని 20తో భాగిస్తే, హద్దు 0.0025కి దిగాలి. ఇంకోటి, మధ్యలో డేటా తెరిచి చూడకు. సమాన విరామాల్లో ఐదుసార్లు చూసి, 0.05 లోపు రాగానే ఆపేస్తే, 5 శాతం ఉండాల్సిన టైప్ 1 ఎర్రర్ (లేని తేడాను ఉందనే పొరపాటు) 14 అవుతుంది.

0.05 దైవవాక్కేం కాదు. 1925లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ సౌకర్యంగా ఉందని ఎంచుకున్న హద్దు. గైడు గారు అదే ఉంచమంటే ఉంచు, దాని మీద వాదన అనవసరం.

ఫలితాలు రాసేటప్పుడు పీ ఎంత వచ్చిందో అంతే రాయి. సాఫ్ట్‌వేర్ 0.000 అని చూపిస్తే మాత్రం అలాగే ఎక్కించకు, "0.001 కన్నా తక్కువ" అని వెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న