నాయనకి చిరాకని క్లారినెట్ అటకెక్కించొద్దు

తమ్ముడూ, నీ ఉత్తరం చదివినా. చిత్తూరులో మొబైల్ షాపు పని, రాత్రి పదికి ఇంటికొచ్చి సెకండ్ హ్యాండ్ క్లారినెట్ తీస్తే నాయన "మనింట్లో ఈ బ్యాండుమేళం ఏందిరా" అంటాడు, గురువు దొరకలా, వీడియోలు చూసి వాయిస్తా ఉంటే పై స్వరాలకి పోయేసరికి కీచుమంటాది, నాకు సంగీతం రాదేమో అని రాసినావు.

ముందు ఆ కీచు సంగతి, నీ దిగులంతా దాని చుట్టే తిరగతా ఉండాది. అది నీకు సంగీతం రాకపోవడం కానే కాదు. వేలు రంధ్రాన్ని పూర్తిగా మూయకపోయినా, మౌత్‌పీస్‌కి బిగించే సన్న బద్ద, అదే రీడ్, దాని అంచు చిట్లినా, నోట్లో పెట్టుకునే ఆ మౌత్‌పీస్‌ని కొరికినట్టు పట్టుకున్నా అట్లే కూస్తాది. 3 నంబర్ రీడ్ వాడతా ఉన్నానన్నావే, మొదట్లో అది గట్టి, 2 గానీ 2.5 గానీ తెచ్చుకో. ఇంకోటి, ఫ్లూట్‌లో గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతాది కదా, క్లారినెట్ అట్ల కాదు, బొటనవేలి దగ్గర రిజిస్టర్ కీ నొక్కితే 12వ స్వరానికి ఎగురుతాది, అంటే కింద స పట్టుకుని నొక్కితే పై స్థాయి ప వస్తాది. ఫ్లూట్ లెక్కన వేళ్లు పెడితే తప్పడం ఖాయం. స్వరం పేరు చూపించే ట్యూనర్ యాప్‌లో నువ్వు సి స్వరం వాయిస్తే బి ఫ్లాట్ స్వరమని చూపించినా కంగారు పడొద్దు, బి ఫ్లాట్ క్లారినెట్ పలికేదే అట్ల.

కొన్నాళ్లు పాటలు ఆపు. కింది స్వరాలు ఒక్కోటి ఊపిరి ఉన్నంతసేపు వణుకు లేకుండా నిలబెట్టు, తర్వాత పెదవి కదపకుండా రిజిస్టర్ కీ మాత్రం నొక్కి పైకి పో, ఫోన్లో రికార్డ్ చేసి మర్నాడు విను. వాయించేటప్పుడు మన తప్పు మనకి వినపడదు, గురువు లేనోళ్లకి ఆ రికార్డింగే దిక్కు.

నాయన విషయానికొస్తే, పగలంతా అలిసిన మనిషికి రాత్రి పదికి ఆ కూత కష్టమే కదప్పా. క్లారినెట్ కింది చివర గంట లెక్క వెడల్పుగా ఉండే మూతిలో గుడ్డ కుక్కినా లాభం లేదు, శబ్దం ఎక్కువగా రంధ్రాల్లోంచే వస్తాది. పొద్దున షాపుకి పోయేముందు అరగంట అని ఆయన్నే అడిగి టైం పెట్టుకో. తిరుచ్చి ఏకేసీ నటరాజన్ గారు ఇదే క్లారినెట్ మీద కర్ణాటక కచేరీలు చేసినారు, 2022లో పద్మశ్రీ ఇచ్చినారు, ఆయన కచేరీ ఒకటి పెట్టి నాయన్ని పక్కన కూర్చోబెట్టుకుని విను. అట్లని పెళ్లి బ్యాండు వాళ్లని తక్కువ చేసి మాట్లాడొద్దు, గంటలకొద్దీ నడుస్తా వాయించేవాళ్లు, ఈ ఆదివారం మీ ఊళ్లోనే ఒకరి దగ్గరికి క్లారినెట్ తీసుకుపోయి పెదవి పట్టు చూడమని అడుగు.