చెన్నైలో ఓడ ఎక్కే ముందు రాత్రి బస ఎక్కడ?

అమ్మానాన్నలతో విజయవాడ నుంచి వచ్చి, చెన్నై రేవులో క్రూజ్ ఎక్కాలంటున్నారు. ఓడ బయలుదేరే రోజు ఉదయం దిగే రైలును మాత్రం నమ్ముకోకండి, ముందురోజే చేరుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఇంకో రోజు ముందే వచ్చినా తప్పులేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు రైళ్లు రద్దయ్యాయి, విమానాశ్రయమే మూతపడింది.

బసకు నా ఓటు ఎగ్మూరుకే. సెంట్రల్ నుంచి మెట్రోలో ఒక్క స్టేషనే, రేవు నాలుగైదు కిలోమీటర్లు. ప్యారీస్ కార్నర్ రేవుకు ఇంకా దగ్గరే కానీ, పగలు లారీలు, తోపుడు బళ్ల మధ్య పెట్టెలు లాగలేరు. దుకాణాలు మూశాక వీధులు బోసిపోతాయి. పెద్దవాళ్లతో అక్కడెందుకు?

గదిలో పెట్టె సర్దేటప్పుడు అసలు గుర్తింపు కార్డులు, టికెట్ల ప్రింట్లు చేతిసంచిలోనే ఉంచండి. పెద్ద పెట్టె రేవులోనే అప్పగించేస్తారు, మళ్లీ కనిపించేది ఓడలోనే. నాన్నగారి బీపీ మాత్రలూ చేతిసంచిలోనే.

సాయంత్రం మెరీనాకు వెళ్తే ఇసుకలో కూర్చుని సుండల్ (శనగ గుగ్గిళ్లు) తినండి, నీళ్లలోకి దిగవద్దు. అక్కడి అలల లాగుడు చాలామంది ప్రాణాలు తీసింది.

తిరుగు రైలు సాయంత్రానిదే తీసుకోండి. శ్రీలంక వెళ్లొస్తే ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ వరుసలు కూడా ఉంటాయి.