టెక్ సందేహాలు: పీరియడ్ యాప్ తీసేస్తే సరిపోతుందా?

ఈ వారం ఫోన్ వేడెక్కుతోందనీ ల్యాప్‌టాప్ నెమ్మదించిందనీ వచ్చిన ఉత్తరాలన్నీ పక్కన పెట్టాను. టెక్సస్ సంగతి అడుగుతూ నాలుగు వచ్చాయి, అవి ఆగేవి కావు. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు, అబార్షన్‌ని దేశమంతటా హక్కుగా కాపాడిన రో వర్సెస్ వేడ్ తీర్పుని కొట్టేసింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి టెక్సస్‌లో గర్భిణి ప్రాణం మీదకి వస్తే తప్ప అబార్షన్ చెయ్యకూడదు. అక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఫ్రిస్కో హనుమంతుడి గుడి దగ్గర పార్కింగ్ కోసం తిరిగినవాళ్లకి తెలుసు. రాసినవాళ్ల పేర్లు వేయడం లేదు, ఎందుకో చెప్పక్కర్లేదు.

హెచ్-4 అనే డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. నాలుగేళ్లుగా ఒక పీరియడ్ యాప్‌లో తేదీలు రాసుకుంటున్నా. ఈసారి నెల తప్పింది. యాప్ తీసేస్తే సరిపోతుందా?

సరిపోదు. తీసేస్తే ఫోన్‌లో బొమ్మ పోతుంది, కంపెనీ సర్వర్లో మీ నాలుగేళ్ల తేదీలు కదలవు. ముందు యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్‌నీ డేటానీ డిలీట్ చెయ్యమని అడగండి. అది అయిందని మెయిల్ వచ్చాకే యాప్ తీసేయండి.

డాక్టర్ దగ్గరి రికార్డులకి ఉండే హిపా చట్టం రక్షణ ఇలాంటి యాప్‌లకి సాధారణంగా ఉండదు. కోట్లమంది వాడే ఫ్లో యాప్ ఆడవాళ్ల వివరాలని ఫేస్‌బుక్, గూగుల్ లాంటి సంస్థలకి చేరవేసిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో పట్టుకుంది. అదే వ్యవహారంలో 2025 ఆగస్టులో కాలిఫోర్నియా జ్యూరీ ఒకటి ఫేస్‌బుక్ యజమాని మెటాదీ తప్పేనని తేల్చింది. ఇకముందు రాసుకోవాలంటే డ్రిప్, యూకీ అనే యాప్‌లు ఉన్నాయి, వాటిలో రాసింది మీ ఫోన్ దాటదు. ఐఫోన్ హెల్త్ యాప్ కూడా ఫర్వాలేదు, పాస్‌కోడ్, లాగిన్‌కి రెండో కోడ్ అడిగే టూ-ఫ్యాక్టర్ రెండూ పెట్టుకుని ఉంటే ఆపిల్ కూడా అందులోది చదవలేదు. వంటింటి క్యాలెండర్ మీద పెన్నుతో చుక్క పెట్టుకోవడం ఇంకా మేలు. అది ఏ సర్వర్‌కీ వెళ్లదు, అత్తగారి కంట మాత్రం పడుతుంది.

అయితే నా భయం యాప్ గురించి కాదు. 'ఇఫ్/వెన్/హౌ' అనే లాయర్ల సంస్థ 2000 నుంచి 2020 దాకా గర్భాన్ని సొంతంగా తొలగించుకున్నారనో, అందుకు సాయపడ్డారనో పెట్టిన 61 కేసులు తిరగేసింది. సమాచారం పోలీసులకి ఎక్కువగా చేరింది వైద్య సిబ్బంది నుంచి, తెలిసినవాళ్ల నుంచి. ఫోన్ పని ఆ తర్వాత మొదలవుతుంది. నెబ్రాస్కాలో 2022లో జరిగింది చూడండి. పోలీసులు వారెంట్ ఇస్తే ఒక తల్లీకూతుళ్లు అబార్షన్ మాత్రల గురించి రాసుకున్న ఫేస్‌బుక్ మెసేజ్‌లని మెటా అప్పగించింది. ఇద్దరికీ జైలు శిక్ష పడింది.

కాబట్టి ఎవరికి చెప్పాలో తక్కువమందిని ఎంచుకోండి. చెప్పేదేదో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌లో, మెసేజ్‌లు వాటంతటవే మాయమయ్యేలా పెట్టుకుని చెప్పండి. ఇంకో మాట, విచారణ మొదలైందని తెలిశాక మాత్రం ఏదీ చెరపకండి. సాక్ష్యం మాయం చేశారని అదొక కొత్త కేసవుతుంది. ఆ ఘడియలో కావలసింది లాయరు. ఇందాక చెప్పిన ఇఫ్/వెన్/హౌ సంస్థకే ఉచిత హెల్ప్‌లైన్ ఉంది.

న్యూమెక్సికో వెళ్లాలనుకుంటున్నాం. మా ఇద్దరిదీ ఒకటే జీమెయిల్. ఇండియా నుంచి వచ్చిన మామగారి ట్యాబ్‌లో కూడా అదే. మ్యాప్స్‌లో లొకేషన్ ఆపేస్తే చాలా?

ముందు ఆ ట్యాబ్‌లోంచి సైన్ అవుట్ చెయ్యండమ్మా! మీరు క్లినిక్ పేరు వెతికితే అది ఆయన పేపర్ చదువుకునే తెర మీద సలహాగా వచ్చి కూర్చుంటుంది. మీకంటూ వేరే మెయిల్ తెరవండి, అపాయింట్‌మెంట్ దానికే రప్పించుకోండి. 'ఫైండ్ మై', ఫ్యామిలీ షేరింగ్, పిల్లల కోసం పెట్టుకున్న లొకేషన్ యాప్‌లు కూడా మీరెక్కడున్నారో ఎవరికి చూపిస్తున్నాయో చూసుకోండి.

మీరు తిరిగిన చోట్లు రాసిపెట్టే మ్యాప్స్ టైమ్‌లైన్ విషయంలో గూగుల్ కొంత మారింది. ఆ చరిత్రని ఇప్పుడు తన దగ్గర కాకుండా మీ ఫోన్‌లోనే దాస్తోంది. కానీ 'వెబ్ అండ్ యాప్ యాక్టివిటీ' అని ఇంకొకటి ఉంది, వెతికినవన్నీ అందులో చేరతాయి. అదీ ఆపండి.

న్యూమెక్సికోలో అబార్షన్ చట్టబద్ధం, అక్కడికి వెళ్లి చేయించుకోవడం నేరం కాదు. డాలస్ నుంచి ఆల్బుకర్కీ 600 మైళ్ల పైమాటే. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్లమనే నిపుణులున్నారు. అంత దూరం, అదీ ఆ స్థితిలో ఉన్న మనిషిని ఫోన్ లేకుండా పంపడానికి నా మనసొప్పదు. లొకేషన్ ఆపి, వేలిముద్ర, ఫేస్ అన్‌లాక్ తీసేసి, ఆరంకెల పాస్‌కోడ్ పెట్టుకుని తీసుకెళ్లండి.

ఫోన్ వదిలేసినా కారుకి నంబర్ ప్లేట్ ఉంటుంది కదా. 2025 మేలో ఫోర్ట్‌వర్త్ పక్కనే ఉన్న జాన్సన్ కౌంటీ షెరీఫ్ ఆఫీసు, అబార్షన్ చేసుకున్న ఒకావిడ కోసం దేశమంతటా 83,000కి పైగా ప్లేట్ కెమెరాల్లో వెతికించింది. ఆమె క్షేమం కోసమేనన్నారు. తర్వాత బయటికొచ్చిన కాగితాల్లో దాన్ని మరణ దర్యాప్తుగా రాసుకున్నట్టుంది. దీనికి సెట్టింగ్ ఏమీ లేదు, ఉందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టలేను.

ఇన్సూరెన్స్ వాడితే, ఏ వైద్యానికి ఎంత కట్టారో చూపే 'ఈవోబీ' కాగితం పాలసీ ఎవరి పేరున ఉంటే వాళ్లకే పోతుంది. మీ ఇద్దరి మధ్యా దాపరికం లేకపోతే ఇబ్బంది లేదు.

ఇన్‌కాగ్నిటోలో వెతికితే?

బ్రౌజర్ చరిత్రలో మిగలదు, అంతే. ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనో ఆఫీసు వైఫై మీదో వెతికితే ఐటీ వాళ్లకి కనిపించవచ్చు. సొంత ఫోన్, సొంత డేటా వాడండి.

గుంటూరు నుంచి రాస్తున్నాను. మా అమ్మాయి ఆస్టిన్‌లో ఉంది. అబార్షన్ మాత్రలు ఇక్కడి నుంచి కొరియర్‌లో పంపొచ్చా? వాట్సాప్‌లో మాట్లాడుకోవడం క్షేమమేనా?

పంపకండమ్మా. టెక్సస్‌లో 2025 డిసెంబర్ 4 నుంచి హెచ్‌బీ 7 అనే చట్టం నడుస్తోంది. ఈ మాత్రలు ఆ రాష్ట్రానికి పంపినవాళ్ల మీద దావా వేసి లక్ష డాలర్లకి తక్కువ కాకుండా రాబట్టుకోవచ్చు. మాత్ర వేసుకున్న మనిషి మీద మాత్రం ఆ చట్టం కింద దావా లేదు. డాక్టరు చూడకుండా ఇక్కడి మందుల షాపులో కొనడం వైద్యపరంగానూ మంచిది కాదు. అక్కడే అబార్షన్ ఫైండర్ అనే వెబ్‌సైట్లో దగ్గరి దారులు కనిపిస్తాయి, అమ్మాయినే చూసుకోమనండి. రక్తస్రావం ఆగకపోయినా, జ్వరం వచ్చినా ఆలోచించకుండా ఎమర్జెన్సీకి వెళ్లమని కూడా చెప్పండి.

వాట్సాప్ కాల్ మూడోవాళ్లు వినలేరు. మెసేజ్‌ల బ్యాకప్ సంగతి వేరు, అది గూగుల్ డ్రైవ్‌కో ఐక్లౌడ్‌కో తాళం లేకుండా పోతుంది. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్' ఆన్ చెయ్యండి, ఆమె చేత కూడా చేయించండి. ఇద్దరి చాట్‌కీ 24 గంటల్లో మెసేజ్‌లు మాయమయ్యేలా పెట్టండి. బంధువుల గ్రూపులో మాత్రం 'మా అమ్మాయికి ఒంట్లో బాగోలేదు, అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకోండి' అని పెట్టకండి.