కవిటి బడిలో చేరిన వ్యాయామ ఉపాధ్యాయురాలికి దొడ్డమ్మ లేఖ

శ్రీకాకుళం

చిరంజీవి సౌజన్యకు దొడ్డమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కవిటిలో అద్దె ఇల్లు దొరికిందనీ, బడి మైదానంలో తుప్పలు కొట్టించి పరుగుకు బాట గీయించావనీ చదివి ఎంతో సంతోషించాను. ఆ తరువాత నువ్వు రాసిన సంగతి మాత్రం నన్ను రెండు రోజులు ఆలోచనలో పడేసింది. పదో తరగతి కుర్రవాడు ప్రొటీన్ పొడి డబ్బా పట్టుకొచ్చి తాగవచ్చా అని అడిగాడనీ, ఒక తల్లి తన కూతురు బరువులెత్తితే ఎదుగుదల ఆగిపోతుందేమోనని భయపడిందనీ, సాయంత్రం మైదానానికి వచ్చే కానిస్టేబుల్ అభ్యర్థులు పరుగుకు ముందు నొప్పి మాత్రలు వేసుకుంటున్నారనీ, ఫోనులో వెతికితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారనీ రాశావు. ముప్పై ఏళ్లు ఇదే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి, ఎవరి మాట నమ్మాలో తేల్చుకునే పద్ధతి నాకు ఎలా పట్టుబడిందో వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా వల్ల జరిగిన ఒక తప్పు చెప్పాలి. పరుగు తీసేటప్పుడు నీళ్లు తాగితే కడుపులో పట్టేస్తుందని నాకు శిక్షణ ఇచ్చినవారు చెప్పేవారు. వారికి వారి గురువులు చెప్పారు. నేనూ అదే మాట పిల్లలకు అప్పగించాను. ఒక మార్చి నెలలో మండల పోటీలకు తయారు చేస్తూ, ఎండ ముదిరాక కూడా, ఎనిమిదో తరగతి అమ్మాయిని నీళ్ల బిందె దగ్గరకు వెళ్లనివ్వలేదు. నాలుగో చుట్టులో ఆ పిల్ల మోకాళ్ల మీద కూలబడింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి, పేరు అడిగితే నాలుక తడబడింది. వేపచెట్టు నీడకు మోసుకెళ్లి, మెడ మీదా చంకల్లోనూ తడిగుడ్డలు వేసి, ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లాం. సాయంత్రానికి తేరుకుంది గానీ, వాళ్ల అమ్మ నన్ను ఒక్క మాటైనా అనకుండా నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరచిపోలేదు. శరీరం చెమట ద్వారా వేడిని వదులుతుందనీ, నీరు తగ్గితే రక్తం పరిమాణం తగ్గి గుండెకు శ్రమ పెరుగుతుందనీ నేను పరీక్ష కోసం చదివిన పాఠంలోనే ఉంది. చదివినదానినీ విన్నదానినీ పక్కపక్కన పెట్టి చూసుకోకపోవడమే నేను చేసిన తప్పు. ఎవరో పెద్దవారు చెప్పారన్న గౌరవం కొద్దీ, ఆ మాట ఎక్కడ పుట్టిందని ఎన్నడూ అడగలేదు.

అందుచేత నువ్వు మొదట అలవాటు చేసుకోవలసింది, పిల్లలు అడిగిన వెంటనే జవాబు చెప్పకుండా "రేపు చెబుతాను" అనడం. అలా అంటే టీచరుకు తెలియదనుకుంటారని కొత్తలో బెరుకుగా ఉంటుంది. నిజానికి రెండో రోజు నువ్వు చదివి వచ్చి చెప్పిన మాటకు పిల్లలు ఇచ్చే విలువ వేరుగా ఉంటుంది. ఆ రాత్రి నువ్వు తెలుసుకోవలసింది ఆ మాట ఎవరు అన్నారన్నది ఒక్కటే కాదు. వారికి అది ఎలా తెలిసింది, ఎవరి మీద చూసి తెలుసుకున్నారు, అది నమ్మితే ఎవరి జేబులోకి డబ్బు వెళుతుంది అన్నవి కూడా చూడాలి.

ఎలా తెలిసింది అన్నదే అన్నిటికంటే కష్టమైన ప్రశ్న కనుక దాని గురించి కొంచెం ఎక్కువగా రాస్తాను. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు లండన్ నగరంలో రెండంతస్తుల బస్సుల మీద పనిచేసే వేలమందిని పరిశీలించి, రోజంతా కూర్చుని ఉండే డ్రైవర్ల కంటే మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వస్తోందని ప్రకటించారు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే బస్సు, దాదాపు ఒకే తరహా జీవితం, తేడా అల్లా ఒళ్లు కదలడంలోనే. శారీరక శ్రమకూ గుండె ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపిన తొలి పరిశోధనల్లో అది ముఖ్యమైనది. నాకు అంతకంటే నచ్చింది వారు మూడేళ్ల తరువాత చేసిన పని. 1956లో వారే ఆ ఉద్యోగుల యూనిఫాం కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుము చుట్టుకొలతలు కండక్టర్ల కంటే పెద్దవిగా ఉన్నాయని తేలింది. అలాంటప్పుడు సీటులో కూర్చోవడం వల్ల జబ్బు వచ్చిందా, లేక ముందునుంచీ లావుగా ఉన్నవారే డ్రైవర్లుగా చేరారా అన్న సందేహం వస్తుంది కదా. తమ నిర్ణయాన్ని బలహీనపరచగల ఆ లెక్కను వారు దాచలేదు, తామే అచ్చు వేయించారు. తరువాతి దశాబ్దాల్లో ఎన్నో దేశాల్లో, ఎందరో మనుషుల మీద ఇతర విషయాలన్నీ సరిచూసి చేసిన పరిశోధనలు వచ్చాకనే ఆ మాట స్థిరపడింది. కాబట్టి ఒక్క పరిశోధన పేరు చెప్పి "శాస్త్రవేత్తలు తేల్చేశారు" అనే వార్త కనిపిస్తే అక్కడే ఆగు. తమ మాటకు ఎక్కడ బలం తక్కువో తామే చెప్పేవారిని కాస్త ఎక్కువ నమ్ము.

ఎవరి జేబులోకి అన్న ప్రశ్నకు రోజుకు పదివేల అడుగుల మాటే మంచి ఉదాహరణ. మన నాగావళి వంతెన మీద పొద్దున్నే నడిచేవారు కూడా ఫోను చూసుకుంటూ పదివేలు పూర్తి కాలేదని దిగులు పడుతుంటారు. ఆ అంకె వైద్య పరిశోధన నుంచి రాలేదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తరువాత, 1965లో జపానులో ఒక సంస్థ అడుగులు లెక్కపెట్టే పరికరాన్ని తయారుచేసి, "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చేలా "మాన్‌పో-కెయ్" అని పేరు పెట్టి అమ్మింది. నడక మంచిదే. పదివేలు దాటినా మంచిదే. ఏడువేల దగ్గర ఆగిన పెద్దాయన మాత్రం తన శ్రమ వృథా అయిందని అనుకోకూడదు.

ఇక ఒక్క మనిషి ఉదాహరణ దగ్గరకు వస్తాను, ఎందుకంటే మన జిల్లాలో ఈ పొరపాటు ఎక్కువ. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గారిని తలచుకోని వ్యాయామశాల మన వైపు లేదు. శ్రీకాకుళం స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఆయన అది తిన్నారట, ఇన్ని బస్కీలు తీశారట, నువ్వూ అలాగే చెయ్యి అని కుర్రవాళ్లకు చెప్పేవారిని ఎందరినో చూశాను. లక్షల్లో ఒకరికి దక్కే దేహం ఆయనది. ఆయన చేసినది అందరికీ పనికివస్తుందని ఆయన ఒక్కరిని చూసి చెప్పలేం. కానీ ఇదే తర్కాన్ని రెండో వైపు నుంచి చూడు. ఆడపిల్లలు బరువులు ఎత్తలేరని ఎవరైనా అంటే, దాన్ని పడగొట్టడానికి ఒక్క ఉదాహరణే సరిపోతుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమే. "ఎప్పటికీ కాదు" అనే మాట తప్పని ఒక్క మనిషే నిరూపించగలరు, "అందరికీ అవుతుంది" అనే మాటను మాత్రం ఒక్కరు నిరూపించలేరు.

అయితే ఆ తల్లి అడిగింది ఎదుగుదల గురించి. దానికి మల్లీశ్వరి పేరు చెప్పి ఊరుకోకు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన మార్గదర్శకాలు తీసి చూపించు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడాలనీ, వారానికి కనీసం 3 రోజులు కండరాలనూ ఎముకలనూ గట్టిపరిచే పనులు చేయాలనీ అందులో ఉంది. సరైన పద్ధతిలో, పెద్దల పర్యవేక్షణలో చేసే బల శిక్షణ పిల్లల ఎత్తుకు హాని చేస్తుందనడానికి ఆధారాలు లేవని పిల్లల వైద్యులు చెబుతున్నారు. చూసుకునేవారు లేనిచోట, మోయలేని బరువు ఎత్తినప్పుడే గాయాలు ఎక్కువగా అవుతాయి. "చూసుకునే బాధ్యత నాది" అని కూడా ఆ తల్లికి చెప్పు, ఆమె భయంలో న్యాయం ఉంది.

ఆ ప్రొటీన్ డబ్బాను కుర్రవాడితో కలిసి కూర్చుని చదువు. ముందువైపు కండల బొమ్మ కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చదివించు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందా, ఒక చెంచాకు ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర, ఇంకేమేమి కలిపారు, ఔషధంగా వాడరాదన్న మాట రాశారా అన్నవి వాడి చేతనే నోటు పుస్తకంలో రాయించు. లైసెన్సు నంబరు ఉందంటే అమ్మడానికి అనుమతి ఉందని అర్థం, అంతేగాని ముందువైపు రాసినదంతా నిజమని కాదు. ఆ పక్కనే, హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క వేయించు. పెద్దవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలని ఆ సంస్థ చెబుతుంది, అంటే 60 కిలోల మనిషికి సుమారు 50 గ్రాములు. ఒక గుడ్డులో దాదాపు 6 గ్రాములు, 100 గ్రాముల వేరుశెనగ పలుకుల్లో దాదాపు 25 గ్రాములు ఉంటాయి. బడి భోజనంలో గుడ్డు, ఇంట్లో పప్పు, పొద్దున్న చోడి అంబలి, సాయంత్రం గుప్పెడు పలుకులు వేసి లెక్క చూస్తే డబ్బా ఎందుకో వాడే అడుగుతాడు. 2024లో అదే సంస్థ విడుదల చేసిన 17 ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికి ప్రొటీన్ పొడుల జోలికి వెళ్లవద్దనే సలహా ఉంది. ఆ పుస్తకం ఉచితంగానే దొరుకుతుంది.

అమ్మా, నువ్వున్నది ఉద్దానం, మూత్రపిండాల జబ్బు ఎక్కువగా ఉన్న ప్రాంతం. నీ తరగతిలో తండ్రో తాతో డయాలసిస్‌కు వెళ్లే పిల్లలు ఉంటారు. మూత్రపిండాల సమస్య ఉన్నవారికి ఎంత ప్రొటీన్ తినాలన్నది వైద్యుడు నిర్ణయించవలసిన విషయం, కనుక ఇంట్లో ఆ జబ్బు ఉన్న పిల్లవాడికి నువ్వు గానీ జిమ్ము శిక్షకుడు గానీ పొడి తాగమని చెప్పకూడదు. ముందు ఒక రక్తపరీక్ష, ఒక మూత్రపరీక్ష చేయించమని తల్లిదండ్రులకు చెప్పు. కానిస్టేబుల్ అభ్యర్థుల మాత్రల విషయంలో మాత్రం రేపటి దాకా ఆగవద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండాలకు రక్తం అందించే నాళాలను తెరిచి ఉంచే పదార్థాల తయారీని తగ్గిస్తాయి. ఎండలో చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడే ఆ పదార్థాల అవసరం ఎక్కువగా ఉంటుంది. అలాంటి సమయంలో మాత్ర వేసుకుని 1600 మీటర్లు పరుగెత్తడం ఎంత ప్రమాదమో వాళ్లకు ఈ కారణంతో సహా చెప్పు. వద్దు అని ఊరుకుంటే వినరు, ఎందుకో తెలిస్తే కొందరైనా ఆగుతారు. పరుగు ఎన్ని నిమిషాల్లో ముగించాలి, ఛాతీ కొలత ఎంత అన్నవి కూడా కోచింగ్ సెంటర్ల కరపత్రాల్లో కాక, పోలీసు నియామక మండలి నోటిఫికేషన్‌లోనే చూసుకోమను.

ఉద్దానం నుంచే నేర్చుకోవలసింది ఇంకొకటి ఉంది. ఆ జబ్బు ఎందుకు వస్తోందో ఎన్నో బృందాలు వచ్చి పరిశీలించాయి. నీటిలోని సిలికా, పురుగుమందులు, ఎండలో శ్రమ, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం అంటూ ఎన్నో అనుమానాలు ఉన్నాయి, కారణం ఇదేనని మాత్రం తేలలేదు. నిజాయితీగల వైద్యుడు నీకు అంతే చెబుతాడు. అదే ఊళ్లో కారణమూ తనకు తెలుసు, మందూ తన దగ్గరే ఉంది అనేవాడు సంతలో దొరుకుతాడు. ఫోను తెర మీదా ఇదే తేడా చూడు. మధుమేహం, ఊబకాయం నయం చేస్తామనీ, ఎత్తు పెంచుతామనీ మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది కాబట్టి, అలాంటి ప్రకటన కనిపిస్తే దాని మంచిచెడ్డలు తర్కించే పని కూడా లేదు.

వెతికే చోట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. వ్యాయామం ఎంత అన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, తిండికి జాతీయ పోషకాహార సంస్థ, ఒక విషయం మీద వచ్చిన పరిశోధనలన్నీ కలిపి తూకం వేసి చెప్పేదానికి కోక్రేన్ సంస్థ సమీక్షలు, మూల పరిశోధనల సంగ్రహాలకు పబ్‌మెడ్. ఇంగ్లీషులో ఉన్నాయని వెనుకాడకు. నిఘంటువు పెట్టుకుని రోజుకు ఒక పేజీ చదివినా ఏడాదికి నువ్వే ఇంకొకరికి చెప్పగలవు. చదివేటప్పుడు ఎంతమంది మీద, ఏ వయసువారి మీద, ఎన్నాళ్లు చేశారో, డబ్బు ఎవరిచ్చారో ముందు చూడు. ఇరవైమంది విదేశీ అథ్లెట్ల మీద ఆరు వారాలు చేసిన పరీక్ష కవిటి ఆడపిల్లలకు యథాతథంగా వర్తించదు. ఇప్పుడు అడిగిందే తడవుగా జవాబిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు ఫోనులోకి వచ్చాయి. వాటిని అడగడంలో తప్పు లేదు. అయితే అవి చూపిన ఆధారాన్ని నువ్వు స్వయంగా తెరిచి, అందులో ఆ మాట నిజంగా ఉందో లేదో చూసుకున్నాకనే పిల్లలకు చెప్పు.

నేను చదివినవన్నీ రాసుకున్న నోటు పుస్తకాలు నాలుగు ఉన్నాయి. ఎడమ పేజీలో విన్న మాట, కుడి పేజీలో దానికి దొరికిన ఆధారం, తేదీతో సహా రాసేదాన్ని. కుడి పేజీ ఖాళీగా ఉండిపోయినవి చాలానే ఉన్నాయి, వాటిని కొట్టివేయకుండా అలాగే ఉంచాను. వచ్చే ఆదివారం మీ బాబాయి సోంపేట వస్తున్నారు, ఆయన చేతికి ఇచ్చి పంపుతాను. మైదానంలో నీళ్ల బిందె మీద మూత ఉండేలా, గ్లాసు గొలుసుతో కట్టి ఉండేలా చూడు.

ఆశీస్సులతో,
మీ దొడ్డమ్మ