టెక్ సందేహాలు: కాటా గదిలో రెండు సీపీయూలు, ఒకటే మానిటర్

తణుకు దగ్గరి రైస్ మిల్లు గుమాస్తా గారు రాశారు: "కాటా గదిలో లారీల తూకానికి పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్, బిల్లులకి కొత్తది ఉన్నాయి. బల్ల మీద జాగా లేదు. ఒకే మానిటర్, కీబోర్డు, మౌస్‌తో రెండూ నడపొచ్చని సెకండ్‌హ్యాండ్ కేవీఎం స్విచ్ కొన్నాం. కేబుళ్లు ఇవ్వలేదు. మానిటర్‌కి పెట్టే మామూలు వీజీఏ కేబుల్ చాలన్నాడు షాపతను. పెడితే లోపలికి దిగట్లేదు. కొంచెం గట్టిగా నొక్కమంటారా?"

నొక్కకండి సార్, పిన్నులు వంగిపోతాయి. కొన్ని స్విచ్‌లకి వెనకాల కనిపించేది వీజీఏలాగే ఉంటుంది కానీ వీజీఏ కాదు. బొమ్మతో పాటు కీబోర్డు, మౌస్ సంకేతాలు కూడా ఆ ఒక్క ప్లగ్గులోంచే వెళతాయి. మామూలు కేబుల్ పొరపాటున పెట్టకూడదనే దాని ఆకారం కాస్త మార్చి చేస్తారు. దీనికి వాడే కేబుల్ స్విచ్ వైపు ఒకటే తల, కంప్యూటర్ వైపు మాత్రం విడివిడి తోకలు: ఒకటి వీజీఏ, మిగతావి యూఎస్‌బీ గానీ, ఊదా, ఆకుపచ్చ రంగుల గుండ్రటి పీఎస్/2 ప్లగ్గులు గానీ. స్విచ్ తిరగేసి అడుగున ఉన్న మోడల్ నంబరు చూసి, దానికి సరిపడే కేబులే అడగండి. నన్నడిగితే కేబుళ్లు లేని సెకండ్‌హ్యాండ్ స్విచ్, చైన్ లేని సైకిలే. ఆ బేరం నేనైతే చెయ్యను.

మీ ఎక్స్‌పీ మిషన్‌కి గుండ్రటి పోర్టులుంటే పీఎస్/2 తోకల కేబుల్ తీసుకోండి. ఈ పోర్టులూ వీజీఏ రెండూ 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో వచ్చినవే. పీఎస్/2 ప్లగ్గుల్ని కరెంటు ఉండగా పీకడం, పెట్టడం చేయకూడదు. ముందు సీపీయూ ఆపండి. కొత్తదానికి యూఎస్‌బీ తోకది. ఒకే స్విచ్‌కి రెండు రకాల కేబుళ్లూ పనిచేస్తాయా అన్నది మోడల్‌ని బట్టి ఉంటుంది, కొనేముందు అడగండి. కొత్తదానికి మానిటర్ పెట్టడానికి హెచ్‌డీఎంఐ పోర్టు ఒక్కటే ఉంటే మధ్యలో హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే కన్వర్టర్ కావాలి. ఊరికే పిన్నులు కలిపిన వైరు పనికిరాదు, ఎందుకంటే డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే చిప్ ఉండాలి.

ఇంకో మాట. కాటా నుంచి తూకం తెచ్చే సీరియల్ వైరు పాత సీపీయూకే ఉండనివ్వండి, స్విచ్‌కి దానితో పనిలేదు. మంచి స్విచ్ అయితే మీరు బిల్లుల వైపు ఉన్నా, పాత మిషన్‌కి కీబోర్డు ఉన్నట్టే చెబుతూ ఉంటుంది. లేకపోతే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ "కీబోర్డ్ ఎర్రర్, ప్రెస్ ఎఫ్1" అని ఆగి కూర్చుంటుంది. బయట వడ్ల లారీ హారన్ కొడుతూ ఉంటుంది.

భీమవరం నుంచి రొయ్యల మేత డీలరు: "కేవీఎం స్విచ్‌కి పది మీటర్ల కేబుల్ లాగాం. అక్షరాల పక్కన నీడ పడుతోంది."

సన్న కేబుల్ అయ్యుంటుంది. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా కవచం ఉన్న లావు వైరు కావాలి. యూఎస్‌బీకి ఎలాగూ 5 మీటర్లు దాటితే భరోసా లేదు. అంత దూరమైతే క్యాట్6 (నెట్‌వర్క్) వైరు మీద నడిచే కేవీఎం ఎక్స్‌టెండర్ పెట్టుకోండి, కేబుల్ పొడిగించుకుంటూ పోకండి.

రాజోలు వైపు నుంచి ఒకరు: "కేబుల్ పిన్నుల మీద ఆకుపచ్చగా పేరుకుంది."

చిలుము. సముద్రపు గాలికి అక్కడ ఇది మామూలే. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొట్టి, బాగా ఆరాక పెట్టండి. బ్లేడుతో గీకితే పూత ఊడి, వచ్చే వర్షాకాలానికి ఇంకా ఎక్కువ పడుతుంది.