వంటల పట్టిక కంటే ముందు పొయ్యి లెక్క

అమ్మడూ,

నిన్న ఫోన్‌లో నీ గొంతు వినగానే అర్థమైంది, మాట ఇచ్చేశాక భయం పట్టుకుందని. ఈసారి పండగ భోజనం మా ఇంట్లోనే అని అందరి ముందూ అనేశావు. ముప్పై మంది. "ఏమేం వండను పెద్దమ్మా?" అని నువ్వు మూడుసార్లు అడిగినా నేను జవాబు చెప్పలేదు. మొదట అడగాల్సిన ప్రశ్న అది కాదు కాబట్టి. నీ పొయ్యికి ఎన్ని బర్నర్లున్నాయి? ఉన్న గిన్నెల్లో అన్నిటికంటే పెద్దది ఎన్ని లీటర్లు పడుతుంది? ఫ్రిజ్‌లో ఎన్ని అరలు ఖాళీ చేయగలవు? ముందు లేచి వెళ్లి ఇవి చూసి, కాగితం మీద రాసుకో. ఏం వండాలో ఆ కాగితమే సగం చెప్పేస్తుంది.

ఇది నేను తెలివితో కనిపెట్టింది కాదు, దెబ్బ తిని నేర్చుకున్నది. నేను మొదటిసారి ఇంతమందికి వండినప్పుడు సరదాగా కూర్చుని తొమ్మిది రకాలు రాసుకున్నాను. అందులో ఆరు వేడివేడిగా పెట్టాల్సినవి. నా పొయ్యికి ఉన్నవి మూడు బర్నర్లు. పదకొండు గంటలకల్లా ఒక గిన్నె దించి ఇంకోటి ఎక్కించడం, అది సగం ఉడికాక దాన్ని దించి మొదటిదాన్ని మళ్లీ ఎక్కించడం. అన్నానికైతే పక్కింటినుంచి పెద్ద గిన్నె అడిగి తెచ్చుకున్నా. పల్చటి అడుగు, వెడల్పు మూతి. కింద మంటేమో అరచేయంత. మూత తీస్తే గుప్పున మాడు వాసన. గరిటె లోపలికి దించితే అడుగున గరగరమని తగిలింది, పైన మెతుకు పట్టుకుంటే పలుకు. మధ్య పొర ఒక్కటే అన్నంలా ఉంది. మీ పెదనాన్న ఏమీ మాట్లాడకుండా ఆ మధ్య పొరను చిన్న గిన్నెతో తోడి ఇంకో పాత్రలోకి తీశారు. ఒంటిగంటకి రమ్మన్నవాళ్లు రెండున్నరకి తిన్నారు. వంట రాక కాదు, పొయ్యి చాలక.

కాబట్టి నీకు చెప్పేదొకటే. బర్నర్లు ఎన్నో, ఆఖరి గంటలో వేడిగా ఉండాల్సిన వంటకాలు అన్నే. మూడుంటే మూడు. మిగతావి ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని చల్లగానే వడ్డించేవో, పొయ్యి అసలు అక్కర్లేనివో అయి ఉండాలి. ఓవెన్ ఉంటే అది నాలుగో పొయ్యి అనుకో. ఇక నూనెలో వేయించే రకాల జోలికి మాత్రం పోవద్దు. మనిషికి రెండు చొప్పున అరవై ముక్కలు. మూకుడులో ఒక వాయికి ఆరు పడతాయి, వాయికి నాలుగు నిమిషాలు. అంటే పది వాయిలు, నలభై నిమిషాలు. అంతసేపూ ఒక బర్నరూ నువ్వూ అక్కడే కట్టుబడి ఉండాలి. పైగా మొదటి వాయి చల్లారిపోయి మెత్తబడ్డాక గానీ చివరి వాయి రాదు. అందరూ అడుగుతారు, నవ్వి ఊరుకో.

తర్వాత మనుషుల లెక్క. "ముప్పై మంది దాకా" అంటే కుదరదు. ఒక్కో ఇంటికీ ఫోన్ చేసి మూడే అడుగు. పెద్దలెంతమంది, పిల్లలెంతమంది, పడనివి ఏమైనా ఉన్నాయా? ఈ మూడోదాన్ని మొహమాటపడి వదిలేయకు. వేరుశనగలు, పాలు, గుడ్లు, గోధుమ, రొయ్యల్లాంటివి కొందరికి నిజంగానే ప్రమాదం. పడనిది ఆ వంటకంలో వేయకపోతే చాలనుకుంటాం. కానీ వేరుశనగలు తగిలిన గరిటెను ఇందులో పెట్టినా చాలు, కొంపలు మునుగుతాయి. అలాంటివాళ్లు ఉంటే వాళ్ల భాగం అన్నిటికంటే ముందు, శుభ్రంగా కడిగిన గిన్నెలో వండి, మూత పెట్టి, పేరు రాసి, దాని గరిటె దానికే ఉంచు.

బియ్యం సంగతి అడిగావు కదా. పెద్దలకి తలకు 75 నుంచి 100 గ్రాములు, పిల్లలకి అందులో సగం. నీకు ఇరవై నాలుగుమంది పెద్దలు, ఆరుగురు పిల్లలు అనుకుంటే రెండున్నర కిలోలు సరిపోతాయి. ఉడికాక అది దాదాపు మూడింతల బరువవుతుంది. ఏడు కిలోల పైన అన్నమన్నమాట. ఒక్క గిన్నెలో వండే సాహసం చేయకు, రెండు గిన్నెల్లో ఒకదాని తర్వాత ఒకటి వండు. కూరల దగ్గర చాలామంది చేసే తప్పు ఇంకోటి ఉంది. ఐదు రకాలుంటే ఐదింటినీ ముప్పై మందికి నిండుగా వండేస్తారు. రకాలు పెరిగినంత మాత్రాన కడుపు పెరగదు, తలా ఒక గరిటె వేసుకుంటారంతే. అందరూ ఎగబడే వంటకం ఏదో నీకు తెలుసు. అది నిండుగా చెయ్యి, మిగతావి సగంమందికి సరిపడా చాలు. కూరగాయలు కొనేటప్పుడు తరుగు కూడా చూసుకో. బంగాళదుంపలు తొక్క తీసేసరికి కిలోకి నూట యాభై గ్రాములు పోతాయి. ఆకుకూరల గురించి చెప్పక్కర్లేదు, బుట్టెడు తెస్తే గిన్నెడు కూడా మిగలదు.

నలుగురికి వండే కొలతల్ని ఎనిమిదితో హెచ్చవేస్తే సరిపోతుందని మాత్రం అనుకోకు. పెద్ద గిన్నెలో ఆవిరైపోయే నీళ్లు తక్కువ కాబట్టి, బియ్యం పెంచినంత లెక్కన నీళ్లూ పోస్తే అన్నం ముద్దవుతుంది, కూర పలచనవుతుంది. ఉప్పూ కారమూ లెక్కలో ముప్పావు వంతే వేసి, ఉడికాక రుచి చూసి మిగతాది కలుపు. తగ్గితే కలపొచ్చు, ఎక్కువైతే ఏడవాలి. టైము విషయం ఇంకా వింత. నా పెద్ద బర్నర్ మీద లీటరు నీళ్లు ఐదారు నిమిషాల్లో మరుగుతాయి, పది లీటర్లకు దాదాపు గంట పడుతుంది. మరుగు పట్టాక ముక్క ఉడకడానికి పట్టే సమయం మాత్రం ఎప్పటిలాంటిదే. ఆలస్యమయ్యేది మరుగు పట్టే దగ్గరే. అందుకే ఒక పెద్ద గిన్నె కంటే రెండు మధ్యరకం గిన్నెలు మేలు. పక్కన ఇంకో కుంపటి మీద నీళ్లు కాచి పోసుకుంటే ఇంకా మేలు.

ఇప్పుడు కాగితం తిప్పి, వెనకవైపు పైన "1:00 భోజనం" అని రాసి, అక్కడినుంచి వెనక్కి లెక్కపెట్టు. 12:30కి అన్నీ పూర్తవ్వాలి. ఆ అరగంట నీకు విశ్రాంతి అని కాదు, ఏదో ఒకటి తప్పకుండా ఆలస్యమవుతుంది, దానికోసం. 11:45కి రెండో గిన్నె అన్నం ఎక్కాలి. అలా వెనక్కి వెళ్తుంటే ఏ బర్నర్ ఏ టైముకి ఖాళీ అవుతుందో తెలుస్తుంది. ఒకే టైముకి రెండు గిన్నెలు ఒకే బర్నర్ మీదకి వచ్చాయా? కాగితం మీదే దొరికిపోయింది, ఒకటి కొట్టెయ్. గడ్డకట్టిన మాంసం వాడేట్టయితే రెండు కిలోలు కరగడానికి ఫ్రిజ్‌లో ఒక రోజంతా పడుతుంది, అది కూడా లెక్కలో పెట్టు. అన్నిటికంటే కింద అరలో, లోతున్న పళ్లెంలో పెట్టు, దాని నీళ్లు మిగతావాటి మీద కారకూడదు. వంటగట్టు మీద వదిలేసి పడుకోకు.

తీపి పదార్థం, చల్లటి రకాలు, తరిగి పెట్టుకునేవి, నూరేవి అన్నీ ముందురోజే. కానీ అన్నం మాత్రం ముందురోజు వండి బయట ఉంచొద్దు. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి బీజాలు ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అసలు వండినది ఏదైనా సరే 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య రెండు గంటలకంటే ఎక్కువ ఉండకూడదు. అయితే పొగలు కక్కుతూ ఉండాలి, లేకపోతే చల్లగా ఉండాలి. ముందురోజు వండినవి పెద్ద గిన్నెతో సహా ఫ్రిజ్‌లోకి తోయకు, మధ్యలో పొద్దున్నదాకా వెచ్చగానే ఉంటుంది. రెండంగుళాల లోతు మించకుండా వెడల్పు పళ్లేల్లో పరిచి చల్లార్చి పెట్టు. చోటు చాలదంటావు. కూల్‌డ్రింకులు, నీళ్ల సీసాలు బయటకి తీసి ఐసు వేసిన బకెట్లో పడెయ్, రెండు అరలు ఖాళీ అవుతాయి.

ఎవరైనా "మేమేమైనా తేవాలా?" అంటే "అబ్బే, ఏం వద్దు" అనకు. పళ్లు, రొట్టె, ఐసు, తీపి, పొయ్యి అక్కర్లేనిది ఏదైనా తెమ్మను. "మేం చేసి తెస్తాం, వచ్చాక నీ పొయ్యి మీద కాస్త వేడి చేసుకుంటే చాలు" అనేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. మంచివాళ్లే, కానీ పన్నెండున్నరకి వాళ్లకి బర్నర్ కావాలి. వాళ్లకి పళ్లు అప్పగించు.

అలాగే వంటింట్లోకి వచ్చి "సాయం చేయనా" అని నిలబడేవాళ్లకి చెప్పడానికి పనులు ముందే రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించు. గిన్నెలు ఎప్పటికప్పుడు కడిగే మనిషి అందరికంటే విలువైన మనిషి. నువ్వు ఎంచుకునే మొదటి సహాయకుడు వాడే అవ్వాలి. మీ ఆయన ఖాళీగానే ఉంటాడుగా. నూనె కాగుతున్నప్పుడూ మరిగే గిన్నెలు దించేటప్పుడూ పిల్లలు ఆ గడప దాటకుండా చూసే పని ఒకరికి ప్రత్యేకంగా అప్పజెప్పు. వంటింట్లో ముగ్గురికి మించి ఉండొద్దు, నాలుగో మనిషితో కబుర్లు మొదలవుతాయి, కూర మాడుతుంది.

వడ్డన దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. బల్లను గోడకి ఆనించకుండా మధ్యకి లాగితే రెండువైపులా వరస కడతారు, నిలబడే సమయం సగమవుతుంది. ప్లేట్లు మొదట్లో, నీళ్లు వేరే మూల. చిన్నపిల్లలకి అరగంట ముందే పెట్టేసెయ్. మొత్తం వంట ఒకేసారి బయట పెట్టకు. సగం లోపల వేడిగా ఉంచి, బల్ల మీది గిన్నె ఖాళీ అవుతుండగా కొత్త గిన్నె తెచ్చి పెట్టు, పాతదాని మీద పోయకు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో ఉన్నా ఫర్వాలేదంటారు గానీ, లోపల దాచిన ఆ సగం గిన్నె లేకపోతే మనవాడైనా చేయగలిగేదేం లేదు.

మిగిలింది బల్ల మీదే వదిలేసి కబుర్లలో పడకు, రెండు గంటల లెక్క అప్పుడూ నడుస్తూనే ఉంటుంది. పది డబ్బాలు ముందే సిద్ధంగా పెట్టుకుని వెళ్లేవాళ్ల చేతిలో పెట్టు. నీకు ఉంచుకున్నది ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజుల్లో తినేసెయ్.

అన్నట్టు, ఆ మాడిన రోజు తర్వాత నేనొక గిన్నె కొనుక్కున్నా. అడుగు మందం, పద్నాలుగు లీటర్లు, రెండు చేతులా పట్టుకుంటే గానీ లేవదు. నువ్వు వాడుకుంటానంటే మీ పెదనాన్న కారులో వేసుకొస్తారు. ముందు నీ పొయ్యి మీద రెండు బర్నర్ల మధ్య ఎంత ఎడం ఉందో కొలిచి చెప్పు. అది ఎక్కితే పక్క బర్నర్ మీద ఇంకేమైనా పడుతుందో లేదో చూడాలి.

నీ పెద్దమ్మ